పారిపోయిన బాలుడు, ఇల్లు పోయిన నగరము

కలకత్తా నగర చరిత్రను వ్రాసినవారు పెక్కుమంది కలరు. దాని సౌధములను, వర్తకమును, ఉద్యమములను గూర్చి మనకు గ్రంథములు లేకపోలేదు. కాని పల్లెనుండి పారిపోయి వచ్చిన ఒక బాలుని కంటికి ఆ నగరము ఎట్లు తోచునో తెలిసికొనగోరినచో ఆ గ్రంథములు చాలవు. ఒక హాస్యకథను ఆశ్రయింపవలసి యుండును. శివరామ్ చక్రవర్తి వ్రాసిన ‘బాడీ థేకే పాలియే’ అట్టి కథ. ‘ఇల్లు విడిచి పారిపోయి’ యని దాని కర్థము. ఋత్విక్ ఘటక్ దానిని చలనచిత్రముగా నిర్మింపగా, అది 1959లో ప్రదర్శితమయ్యెను.

శివరామ్ (1903–1980) మాల్దా జిల్లాలోని చాంచల్ రాజవంశమునకు చెందినవాడు. చిన్ననాడే ఇల్లు వదలి కలకత్తా చేరి, ముక్తారాంబాబు వీధిలోని ఒక మెస్సు గదిలో జీవితమున అధికభాగము గడపెను. శ్లేష ఆయనకు ఊపిరి. కనుక ఈ పలాయనకథ ఆయనకు కేవలము కల్పన కాదు.

కథానాయకుడు కాంచన్. తండ్రి అతనికి నిరంకుశుడుగా కనిపించును. కలకత్తా బంగారునగరముగా తోచును. నగరమున అడుగిడిన బాలుని ఆశ్చర్యమును ఘటక్ విశాలకోణపు కటకముతో చిత్రించెను. ఆ కటకము ముందు కట్టడములు ఆకాశమునకు ఎగబ్రాకును. మనుష్యులు వింతగా సాగుదురు. ప్రేక్షకుడు నవ్వును. కాని ఆ వీధులలో బాలునికి ఎదురగునది బంగారము కాదు, ఆకలి. అతనికి స్నేహితుడైన హరిదాసు విచిత్రవేషముతో పాటలు పాడుచు బుల్బుల్ భాజా అను చిరుతిండిని అమ్ముకొనువాడు. ఆ వేషము వెనుక నున్నవాడు తూర్పు బెంగాలునుండి వచ్చిన ఉపాధ్యాయుడు. ఆ పాత్రను కాళీ బెనర్జీ ధరించెను.

అదే 1959లో ఫ్రాన్సుదేశమున త్రుఫో తీసిన ‘నాలుగువందల దెబ్బలు’ అను చిత్రమునకు కాన్ ఉత్సవమున ఉత్తమదర్శకుని బహుమానము లభించెను. అందును ఒక బాలుడు పారిస్ వీధుల వెంట పరుగెత్తును. కాని అతని పరుగు సముద్రతీరమున ఆగును. ముందు నీరు, వెనుక ఇల్లు లేని ఇల్లు. కాంచన్ అట్లు కాదు. తండ్రి కాఠిన్యము వెనుక నున్న మమతను గ్రహించి అతడు ఇంటికి మరలును.

దీనిని సుఖాంతమని సరిపెట్టుకొనుట తగునా? ఘటక్ 1925లో ఢాకాలో జన్మించినవాడు. 1947నాటి దేశవిభజన ఆయనకు మానని గాయము. ఆయన చిత్రములో ఇల్లు విడిచినవారు ఇరువురు. ఒకడు తానుగా పారిపోయెను, కనుక మరలిపోగలడు. రెండవవానిని చరిత్ర తరిమెను. అతడు మరలిపోవలసిన ఊరికిని తనకును నడుమ సరిహద్దు మొలచెను. బాలుడు ఇంటిదారి పట్టిన క్షణముననే హరిదాసునకు ఇల్లు లేదన్న సంగతి మన మనసున నాటుకొనును.

నగరమునకు వచ్చిన శరణార్థుల సంఖ్యను జనాభా లెక్కలు చెప్పగలవు. ఒక ఉపాధ్యాయుడు పిల్లలను నవ్వించి పొట్టపోసికొనుట ఎట్టిదో వీధిలో వినిపించు ఆ పాట మాత్రమే చెప్పగలదు. హాస్యమును చరిత్రకు సాక్షిగా పిలువవలెనన్నచో, ఇంతకంటె నమ్మదగిన సాక్షి అరుదు.