పోర్షే 911: వాల్వ్ సర్దుబాటు
గాలితో చల్లబడే పాత పోర్షే 911 ఇంజిన్‌లో రాకర్ ఆర్మ్‌కూ వాల్వ్ కాడకూ మధ్య సందును సరిచేసే పని ఇది. మన మెకానిక్‌ల మాటలో టాపెట్ సెట్టింగ్. ఆరు సిలిండర్లకు 12 వాల్వులు. ఇన్‌టేక్‌కైనా ఎగ్జాస్ట్‌కైనా సందు 0.10 మిల్లీమీటర్లే. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు తెచ్చి, ఫీలర్ గేజ్ దూర్చి, స్క్రూ తిప్పి లాక్‌నట్ బిగిస్తారు. క్రాంక్‌ను 120 డిగ్రీలు తిప్పితే 1-6-2-4-3-5 వరుసలో తర్వాతి సిలిండర్ వంతు. నట్ బిగిస్తుండగా స్క్రూ కదులుతుంది కాబట్టి మళ్లీ కొలిచి తీరాలి. సందు ఎక్కువైతే టకటక చప్పుడు వస్తుంది, అది కొంత నయం. తక్కువైతే వాల్వ్ సీటుపై పూర్తిగా ఆనదు, వేడి వదలదు, చప్పుడు లేకుండానే కాలిపోతుంది. 1990లలో వచ్చిన 993 మోడల్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు చేరడంతో ఈ పని తప్పింది.