పిహెచ్ 6 దగ్గర ఎందుకు నిలవదు? తార్నాక నీళ్ళ కథ

మన ఐటీ వాళ్ళకి హైడ్రోపోనిక్స్ పిచ్చి బాగానే పట్టింది. మట్టి అక్కర్లేదు, కలుపు తియ్యక్కర్లేదు. బాల్కనీలో నాలుగు పైపులు, ఓ పంపు, ఓ పిహెచ్ మీటరు వుంటే పాలకూర దానంతటదే పెరుగుతుందట. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద నేనూ ఓ తొట్టి పెట్టాను. ఈ పని మొదలుపెట్టిన ప్రతి ఫ్రెండూ నన్నడిగే ప్రశ్న ఒక్కటే. "నిన్న యాసిడ్ వేసి 6కి దించాను, ఇవాళ చూస్తే 7 దాటింది. మీటరు పాడైందంటావా?"

మీటరు బాగానే వుంది బాబూ. జవాబు మన కాళ్ళకింది రాయిలో వుంది. ఆ రాయి కథలో తార్నాక వుంది, పక్కనే వున్న నల్లగొండా వుంది. కాస్త ఓపిక పట్టండి.

ముందు పిహెచ్ సంగతి. 1909లో కోపెన్‌హాగన్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పెట్టిన లాబొరేటరీలో పనిచేసే సోరెన్‌సెన్ ఈ కొలత కనిపెట్టాడు. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్, తన స్నేహితుడికి నిమ్మరసం పులుపు కొలవడం కోసం ఎలక్ట్రానిక్ మీటరు తయారుచేశాడు. అంటే మన తొట్టిలో ముంచే మీటరు పుట్టిల్లు పొలం కాదు. ఒకవైపు బీరు, ఒకవైపు నిమ్మరసం.

మట్టి లేకుండా మొక్కలు పెంచడం అంతకన్నా పాతది. 1860 ప్రాంతాల్లోనే జర్మనీలో సాక్స్, నాప్ అనే ఇద్దరు ఉప్పులు కలిపిన నీళ్ళలో మొక్కలు పెంచి చూపించారు. దాన్ని లాబొరేటరీ గడప దాటించినవాడు బర్కిలీలో వుండే గెరికె. ఆయన నీళ్ళలో పెంచిన టమాటా తీగలు 25 అడుగులు పెరిగాయని పత్రికలు ఊదరగొట్టాయి. హైడ్రోపోనిక్స్ అనే పేరు 1937లో అచ్చులోకొచ్చింది. మరుసటి ఏడాదే అదే యూనివర్సిటీకి చెందిన హోగ్లండ్, ఆర్నన్ లెక్క తేల్చారు. మంచి మట్టిలో వచ్చే దిగుబడి కన్నా ఇందులో మాయేమీ లేదని. మార్కెటింగ్ వాడు వున్నచోట కోడ్ రివ్యూ చేసేవాడు కూడా వుంటాడన్నమాట! ఇప్పటికీ చాలా పోషక ద్రావణాలకి మూలం ఆ హోగ్లండ్ ఫార్ములానే. మన దేశంలో 1946-47లో కాలింపాంగ్ దగ్గర షోల్టో డగ్లస్ అనే ఆయన ఖరీదైన సామాను లేకుండా కంకర, ఇసకతో ఇదే పని చేసి దానికి బెంగాల్ పద్ధతి అని పేరుపెట్టాడు.

ఇక్కడే అసలు చిక్కు. ఫార్ములాలో ఏ ఉప్పు ఎంత వెయ్యాలో వుంటుంది. నీళ్ళు మాత్రం శుభ్రమైనవే అని అనుకుంటుంది. తార్నాక బోరు నీళ్ళు అలాంటివి కావు.

ఉస్మానియా క్యాంపస్‌లో తిరిగినవాళ్ళకి ఆ బండరాళ్ళు గుర్తుండే వుంటాయి. హైదరాబాద్ అంతా గ్రానైట్ మీద కూర్చున్న ఊరు. వాన నీరు మట్టిలోంచి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటుంది, కాస్త పులుస్తుంది, ఏళ్ళ తరబడి ఆ రాతిని కొరుకుతుంది. చివరికి బోరులోంచి వచ్చేసరికి అందులో బైకార్బొనేట్ దండిగా వుంటుంది. ఇది మన ప్రోగ్రాముల్లో బఫర్ కాదు, కెమిస్ట్రీ బఫర్. మీరు యాసిడ్ వేస్తే బైకార్బొనేట్‌లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ గ్యాసు నీళ్ళలో వున్నంతసేపే మీటరు 6 చూపిస్తుంది. రాత్రంతా పంపు నీళ్ళని తిప్పుతూ ఆ గ్యాసుని గాల్లోకి తరిమేస్తుంది. మిగిలిన బైకార్బొనేట్ పిహెచ్‌ని మళ్ళీ పైకి లాగుతుంది. పైగా మొక్కలు నైట్రేట్ తాగేకొద్దీ అవీ పైకే నెడతాయి. 7 దాటితే ఇనుము, భాస్వరం మొక్కకి సరిగ్గా అందవు. లేత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కేది అందుకే.

ఈ బైకార్బొనేట్ మా తొట్టి వరకే అయితే ఇంత రాయక్కర్లేదు. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ వున్న ఖనిజాలుంటాయి. బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ వున్న నీళ్ళలో ఆ ఫ్లోరైడ్ మరింత సులువుగా కరుగుతుంది. పొదిలి, దర్శి ప్రాంతంలో ఎముకల్ని వంచే ఈ జబ్బుని 1937లో డాక్టర్లు రాసిపెట్టారు. నల్లగొండ సంగతి 1955లో సిద్దిఖీ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చిన సంస్థే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఫ్లోరైడ్ ఊళ్ళలో పిల్లల కాళ్ళు వంకర పోవడం గురించి 1970ల్లో పరిశోధించింది వీళ్ళే. ఆ నీళ్ళలో ఏ మీటరు పెట్టినా పిహెచ్ భయపెట్టేలా వుండదు. తాగితే రుచీ తేడా తెలియదు. విషం ఆ అంకెలో కనబడదు.

1970ల్లోనే నీరి అనే జాతీయ సంస్థ నల్లగొండ టెక్నిక్ తెచ్చింది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని మడ్డిగా దించెయ్యడం. పటిక నీళ్ళని పులిపిస్తుంది కాబట్టి సున్నంతో సరిచెయ్యాలి. ఎంత వెయ్యాలనేది ఆ నీళ్ళ క్షారగుణం, అదే అల్కలినిటీ మీద ఆధారపడుతుంది. అంటే మనం సరదాకి తొట్టిలో చేసే పని, అక్కడ తల్లులు రోజూ బిందెలో చెయ్యాల్సి వచ్చింది. అది ఎన్నాళ్ళు సాగుతుంది? జనం అడిగింది మందు కాదు, వేరే నీళ్ళు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీచేసి బ్యాలెట్ పేపర్ని పుస్తకం చేసింది ఈ నీళ్ళ కోసమే.

హైదరాబాద్‌కి మాత్రం వేరే నీళ్ళు ముందే దొరికాయి. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, ఆ తర్వాత మంజీరా, సింగూరు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. ఒక్కొక్కటీ ఇంకాస్త దూరం నుంచి. నల్లగొండ పల్లెలకి నది నీళ్ళు అందడానికి దశాబ్దాలు పట్టింది.

తొట్టికి కూడా మందు అదే. యాసిడ్ బాటిళ్ళు కొనడం కన్నా నీళ్ళు మార్చడం మేలు. మా బోరు నీళ్ళ అల్కలినిటీ లీటరుకి 300 మిల్లీగ్రాముల దగ్గర వచ్చింది. తాగేనీటికి మన ప్రమాణం 200, వేరే దారి లేకపోతే 600 దాకా. అందుకే వానాకాలంలో డాబా నీళ్ళు పట్టి సగానికి సగం కలుపుతాను. మిగిలినదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ కొద్దికొద్దిగా వేసి, ఒక రోజు పంపు తిప్పి, అప్పుడే కొలుస్తాను. నిమ్మరసం, వెనిగర్ వద్దు. వాటిని సూక్ష్మజీవులు తినేస్తాయి, కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక వేడి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకి ఏడున్నరే. వేరుకి మాత్రం వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కుళ్ళు పట్టేది ఆ సందులోనే. పాతవాళ్ళు దీనికి భూమి లోతుని వాడుకున్నారు. క్యాంపస్‌లో మహ్ లఖా బాయి పేరున్న మెట్లబావి అలాంటిదే. మనకి డాబాయే గతి కాబట్టి తెల్లరంగు, నీడ, తడి గోనెసంచి. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి గోనెసంచి బాగా పనిచేస్తుంది, ఆగస్టు చెమటకి చెయ్యదు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పెంచుకుంటే అసలీ గొడవే వుండదు.

నా అభిప్రాయం ఒక్కటే. ఇంకో వెయ్యి పెట్టి ఇంకో మీటరు కొనేముందు, బోరు నీళ్ళని ఒకసారి ల్యాబ్‌లో ఇచ్చి అల్కలినిటీ, ఫ్లోరైడ్ రెండూ చూపించండి. పాలకూర సంగతి సరే, అవే నీళ్ళు ఇంట్లో ఎవరైనా తాగుతున్నారేమో కూడా కనుక్కోండి.