తవ్వినోళ్ల రాత కూడా చరిత్రే

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

ఈజిప్టులో గిజా పిరమిడ్ల దగ్గర హార్వర్డ్ యూనివర్సిటీ, బోస్టన్ మ్యూజియం కలిసి 1947 దాకా దశాబ్దాల పాటు తవ్వకాలు చేశాయి. నడిపినాయన జార్జ్ రైస్నర్. పార, తట్ట పట్టినోళ్లలో ముఖ్యులు కుఫ్ట్ అనే ఊరి మనుషులు. 1890లలో ఫ్లిండర్స్ పెట్రీ ఆ ఊరోళ్లకు తవ్వకం పని నేర్పాడు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది.

1925లో అక్కడ ఖుఫు రాజు తల్లి హెటెఫెరెస్ సమాధి బయటపడింది. పేరు రైస్నర్‌కే వచ్చింది గానీ, ఆ రోజు ఆయన అమెరికాలో ఉన్నాడు! లోపల కర్ర సామానంతా పొడైపోయి బంగారు రేకులు, చిన్న చిన్న ముక్కలు మిగిలాయి. ఏ ముక్క ఎక్కడ పడి ఉందో ఒక్కొక్కటీ రాసి, బొమ్మ గీసి, ఫొటో తీశారు. తవ్విన చోటును మళ్లీ తవ్వలేం కదా, మిగిలేది ఆ రాతే. ఆ రాతల ఆధారంగానే రాణి మంచం, కుర్చీ తిరిగి నిలబెట్టారు. ఈ మధ్య కంప్యూటర్ సాయంతో ఆమె సింహాసనం నకలు కూడా హార్వర్డ్‌లో చేశారు.

మమ్మల్ని ఆపేసింది ఇంకో సంగతి. 1913 నుంచి కుఫ్ట్ మేస్త్రీలు కూడా అరబిక్‌లో రోజువారీ డైరీలు రాశారు. డెబ్బైకి పైగా పుస్తకాలు. అవి ఏళ్ల తరబడి ఒక మేస్త్రీ వారసుల దగ్గరే ఉండిపోయాయి. 2000 తర్వాతే పరిశోధకుల కంటపడ్డాయి. ఇప్పుడు స్కాన్ చేసి, చదివి, అనువదిస్తున్నారు. స్కాన్ తీస్తే పని అయిపోదు. ఆ చేతిరాత చదివేవాళ్లు కావాలి. ఏ పేజీ ఏ తేదీది, ఏ సమాధిది, ఏ ఫొటోతో కలుస్తదో జోడించాలి. అప్పుడే అది ఎవరికైనా దొరుకుతుంది.

ఇది మనకెందుకంటారా? మా ఇండ్లల్లో మొదట కాలేజీ మెట్లెక్కింది మేమే. మా ట్రంకు పెట్టెల్లో పాత పోడు అర్జీలు, శిస్తు రసీదులు, కూలి లెక్కల నోటుబుక్కులు ఉన్నాయి. కొన్నిటిని మేం చూసేసరికే చెదలు తినేశాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 13 డిసెంబర్ 2005కు ముందు నుంచే భూమి మన చేతిలో ఉందని చూపాలి. పాత కాగితం అక్కడ సాక్ష్యం. పెద్దల మాట రాసిపెట్టినా సాక్ష్యమే.

అందుకే ఈ సెలవులకు మేం ఒక పని పెట్టుకున్నాం, మీరూ పెట్టుకోండి. ప్రతి కాగితం రెండు వైపులా వెలుతురులో ఫొటో తీయండి. ఎవరి రాత, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు చదివి చెప్పారు, పక్కన రాయండి. తప్పులున్నా దిద్దొద్దు, ఉన్నదున్నట్టు ఎక్కించండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి. సొంత వివరాలున్నవి గ్రూపులో పెట్టకండి, ఇంట్లోనే రెండు చోట్ల దాచండి.

కుఫ్ట్ మేస్త్రీలు రాశారు కాబట్టే ఇవాళ వాళ్ల పేర్లు మనకు తెలుస్తున్నాయి. మన తాతలు రాయలేదు, వాళ్లకు చదువు అందలేదు. మనకు అందింది.