చూరు క్రింద జానెడు నేల

మా తాతగారు పెరటిలో వడ్ల గాదె కట్టదలచిన నాడు, వడ్రంగిని పిలుచుటకు ముందు, మంచి దినము చూపించుకొనుటకును ముందు, నాలుగు కఱ్ఱమేకులు పాతి, వానికి కొబ్బరిత్రాడు చుట్టి, ప్రక్క యింటి పెద్దను కేకవేసి పిలిచిరి. "బావగారూ, ఒక్కసారి ఇటు రండి. చూరు మీ గోడమీదికి కారుతుందేమో చూసి చెప్పండి" అనిరి. ఆయన కండువా దులుపుకొనుచు వచ్చి, త్రాటి ప్రక్కన గొంతుకూర్చుండి, జానతో నేల కొలిచి, తమ గోడ పునాదివైపు ఒకసారి చూచి, ఒక మేకును బెత్తెడు లోనికి జరిపించి, "ఇంక కట్టుకోండి" అని లేచిపోయిరి. బీరపందిరి నీడను నిలిచి చూచుచున్న ఎనిమిదేండ్ల నాకు అది పెద్ద లిద్దఱు ముచ్చటించుకొనుటగానే తోచినది. ధర్మశాస్త్రములను పురపాలక చట్టములను ఒకదాని ప్రక్క నొకటి ఉంచి చదివిన పిమ్మటనే, ఆ మేకు జరుగుటతో ఒక కట్టడమునకు అనుమతి లభించు కార్యము యావత్తు ముగిసెనని గ్రహించితిని.

ఈ పద్ధతి మా ఊరిలో పుట్టినది కాదు. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో ముద్రించి లోకమునకు అందించిన కౌటిలీయ అర్థశాస్త్రమున మూడవ అధికరణము తెఱచినచో, వాస్తువనగా ఇల్లొక్కటియే కాదనియు, ఇల్లు, పొలము, తోట, సేతువు, చెఱువు అన్నియు వాస్తువులే యనియు, వానిని గూర్చిన తగవులకు ఇరుగుపొరుగువారి మాటయే ప్రమాణమనియు కనవచ్చును. రెండు కట్టడముల నడుమ, అవి ముందుకు చాచి వేసిన పాకలైనను సరే, ఇంత యెడము ఉండవలెననియు, రెండిండ్ల చూరుల నడుమ నాలుగంగుళముల సందు విడువవలె ననియు, కానిచో ఒక చూరు మఱియొక చూరుపై ఎక్కి యుండవలె ననియు ఆ గ్రంథకర్త నిర్ణయించెను. నీరు పాఱు కాలువ పొరుగు గోడకు మూరెడున్నర దూరమున ఉండవలెను. విసరు రాయి, దంచు రోలు, పొయ్యి, పశువుల కొట్టము పొరుగువాని గోడ నంటి యుండరాదు. తగని చోట మరుగును గాని నూతిని గాని త్రవ్వరాదు. ఐనను, పురిటియింట పదిదినములు గడచువఱకు బాలెంతకొఱకు త్రవ్విన గుంటకు ఆ నిషేధము లేదు. శిక్షలను అంత కఠినముగా లెక్కించిన లేఖని ఈ ఒక్కచోట మెత్తపడుట చూచినపుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఆ ప్రకరణముననే కలదు. గృహస్వాములు తమలో తాము కూడి ఒప్పుకొన్నచో తమ యిష్టము వచ్చినట్లు కట్టించుకొనవచ్చును. అనిష్టమైన దానిని వారించుకొనవలెను. రాజు విధించిన కొలత, పొరుగువారు కలిసి మాటలాడుకొనలేని చోటనే తలయెత్తును. మా తాతగారు అర్థశాస్త్రము పేరైన వినియుండరు.

సరిహద్దు తగవులకు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పిన గుర్తులలో చెట్లు, పుట్టలు, గట్లు, పల్లములతోపాటు బొగ్గులు, ఊకయు కలవు. నేలలో పాతిపెట్టిన బొగ్గు ఎన్ని తరములైనను కుళ్లదు. ఊక త్వరగా మన్నులో కలియదు. సేద్యము చేయువాని చేతి కెప్పుడును అందుబాటులో నుండు ఆ రెండు వస్తువులను హద్దునకు సాక్షులుగా నిలిపిన బుద్ధి, పొలము గట్టుమీద నడచినవాని బుద్ధియే కావలెను. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయ మను పేర తెనిగించుటచే, ఈ వ్యవహారధర్మము తెలుగు పద్యములలోనికి దిగివచ్చినది.

ఇక ఆ పెరటిలో లేచిన కట్టడముల మాట. తెలుగుదేశమున ధాన్యము దాచు చోట్లకు ఉన్నన్ని పేర్లు ఇంటి గదులకైనను లేవు. గాదె, గరిసె, కొట్టు, గుమ్మి, పురి, పాతర: ఒక్కొక్కటి ఒక నేలకు, ఒక పంటకు, ఒక స్తోమతుకు చెందినది. గాదె కలవాని సొత్తు. రాళ్లమీద ఎత్తుగా నిలిపి, తేమయు ఎలుకయు చొరకుండ పలకలు బిగించి, లోపల మట్టియు పేడయు కలిపి అలికి, వడ్ల నడుమ వేపాకు చల్లుదురు. పుట్టియనగా ఇరువది తూములు, తూమనగా నాలుగు కుంచములు. ఆ లెక్కలోనే గాదె పెద్దదో చిన్నదో చెప్పెడివారు. గుమ్మి వెదురు తడికతో అల్లి, మట్టి మెత్తిన పెద్ద బుట్ట. పాతర నీరూరని గట్టినేలలో జొన్నలకై త్రవ్విన గొయ్యి. చుట్టును గడ్డి పఱచి, గింజలు నింపి, పైన మన్ను కప్పివేయుదురు. దానిని తెఱచినవాడు వెంటనే లోనికి దిగరాదు. మూతతీసి లోని చెడుగాలి పోవువఱకు వేచి, దీపమును త్రాటితో దింపి, అది కొండెక్కక వెలుగుచున్నదని చూచిన పిమ్మటనే మనిషి దిగవలెను.

పురిని గూర్చి మఱికొంత చెప్పవలెను. వరిగడ్డిని చేయి లావున వెంటిగా పేని, దానిని నేలమీద గుండ్రముగా చుట్టి, లోపల వడ్లు పోయుచు, వడ్లు లేచినకొలది వెంటిని వరుసమీద వరుసగా చుట్టుకొనుచు పోదురు. ధాన్యమే గోడను నిలుపును, గోడయే ధాన్యమును నిలుపును. ఇద్దఱు మనుష్యులు ప్రొద్దుగూకులోగా పురి కట్టి, పైన గడ్డి కప్పి, క్రిందికి దిగి చేతులు దులుపుకొందురు. వేసవి దాటి గింజ అమ్ముడైన తరువాత ఆ గోడలనే విప్పి పశువులకు మేతగా వేయుదురు. ఆ స్థలమున మఱుసటి వారము వంగనారు లేచును. దీనిని కట్టడ మందుమా, కాదందుమా? ఈ ప్రశ్న అప్పటికి ఎవరికిని తోచలేదు. పట్టణములలో చట్టము వచ్చి నిర్వచనము వ్రాయునప్పుడే అవసరమైనది.

ఆ చట్టము ఎందులకు వచ్చెనో విస్మరించుట న్యాయము కాదు. తాటాకు కప్పు, దాని ప్రక్క గడ్డివాము, వాము ప్రక్క పురి, పురి ప్రక్క మఱియొకరి తాటాకు కప్పు: ఎండకాలమున ఒక పొయ్యినుండి లేచిన రవ్వ ఒక జాముసేపటిలో ఒక పేటను బూడిద చేయగలదు. ఆ బూడిదను చూచినవారెవ్వరును కొలతలను, ఎడములను ఆక్షేపింపరు. భీమునిపట్నమున 1861లోనే పురపాలక సంఘ మేర్పడినది; చెన్నపురి ప్రెసిడెన్సీలో 1865లో పట్టణాభివృద్ధి చట్టము, 1884లో జిల్లా పురపాలక చట్టము వచ్చినవి. 1920లో వచ్చిన జిల్లా పురపాలక చట్టము కట్టడమన నేమో విస్పష్టముగా చెప్పెను: ఇల్లు, పెరటి కొట్టు, గుఱ్ఱపుసాల, మరుగుదొడ్డి, పాక, గుడిసె, గోడ, ఇటుకతో గాని కఱ్ఱతో గాని మట్టితో గాని లోహముతో గాని మఱి దేనితోనైనను కట్టినది ఏదైనను కట్టడమే. స్థలమునకు నక్షా గీయించి, దరఖాస్తు పెట్టి, ఉత్తరువు పొందిన పిమ్మటనే పునాది తీయవలెను. ఆంధ్రప్రదేశమున 1965లో వచ్చిన పురపాలక చట్టము ఈ నిర్వచనమునే ఇంచుమించుగా అనుసరించినది.

ఆ వల ఎంత విశాలమైనదో చూడుడు. ఆ మాటల ప్రకారము మా తాతగారి గాదె కట్టడమే; పురిని కాదనుటకును దారి లేదు. కాని కౌటిల్యుడు ఇంటితో పాటు ఒకే ఊపిరిలో చెప్పిన తోట ఈ జాబితాలో లేదు. పెరడు కట్టడము కాదు గనుక నక్షాలో అది ఖాళీ స్థలము. కరివేపచెట్టు, ములగచెట్టు, పొట్లపందిరి, తులసికోట, కాళ్లు కడుగుకొను రాయి, అన్నియు ఖాళీయే. నూఱేండ్లుగా మన పట్టణములు పెరళ్లను మ్రింగివేయుటకు మూలము, పెరటిని ఖాళీయని వ్రాసిన ఆ నక్షాలోనే కలదని నా నమ్మకము.

ఈ సంగతిని ఎఱిగిన పరదేశి ఒకరు ఆ కాలముననే వచ్చిరి. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెస్ తన నగర ప్రదర్శనశాలను ఓడపై పంపగా, 1914లో జర్మనుల ఎమ్‌డెన్ నౌక దానిని సముద్రమున ముంచివేసెను. ఆయన వెనుదీయక మఱల పటములు సేకరించి 1915లో చెన్నపట్టణమున ప్రదర్శించెను. ఇండ్లు కూల్చి తిన్నని వీథులు తీయుటకంటె, ఉన్న పేటను చెడకుండ, అవసరమైన మేరకే సవరించుట మేలని ఆయన వాదించెను. 1920లో చెన్నపురి నగరనిర్మాణ చట్టము వచ్చినది. ఐనను కార్యాలయములలో తిన్నని గీతకే మన్నన దక్కినది.

పల్లెలలో కథ వేఱు. ఇండ్లు నిలిచిన గ్రామకంఠ మంతయు రెవిన్యూ లెక్కలలో ఒకే సర్వే నంబరు. అందులో ఎవరి గోడ ఎక్కడ ముగియునో ఏ అడంగలులోను లేదు. పెరటి కంచె పోరంబోకులోనికి రెండు గజములు జరిగినచో 1905 నాటి ఆక్రమణ చట్టము క్రింద బి-మెమో యను తాఖీదు వచ్చును గాని, పొరుగువాని పెరటిలోనికి జరిగినచో రచ్చబండయే దిక్కు. చూరునీటికి మాత్రము 1882 నాటి చట్టము ఒక గడువు పెట్టెను: ఇరువది యేండ్లు అడ్డులేక పొరుగు నేలపై కారిన చూరు, అట్లే కారుటకు హక్కును పొందును. ఆ బెత్తెడు జరుపుటలో బావగారు తమ మనుమల హక్కును కాపాడుకొనిరని నేను తెలిసికొనుటకు నలువదియేండ్లు పట్టినది.

పట్టణమున నేనును ఒకసారి పెరటికొట్టునకై దరఖాస్తు పెట్టితిని. మూడు నకళ్లు, రుసుము, నెలల తరబడి తిరుగుట. తుదకు ముద్రపడిన కాగితము చేతికి వచ్చినది. అన్ని నెలలలోను, ప్రక్కయింటివారిని ఎవ్వరును ఒక్క మాట యడుగలేదు. కొట్టు లేచిన తరువాత వారి వంటయింటి కిటికీకి వెలుతురు తగ్గినదని వారు బాధపడిరి. కాగితము నా పక్షముననే ఉన్నది. ఐనను ఆ పై తొలకరిలో నేనే రేకును మూరెడు కోయించితిని.

2020లో కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ఆరంభించి గ్రామకంఠములను డ్రోనులతో కొలిపింప నారంభించినది. ఆకాశమునుండి చూచు యంత్రమునకు కప్పు కనబడును గాని గోడ కనబడదు. అందుచే యంత్రము ఎగురుటకు ముందు నేలపై హద్దులకు సున్నపు గీత గీయవలెను; గీయుటకు ఇరువైపులవారును నిలువవలెను. మా ఊరికి ఆ పని వచ్చిన నాడు నేనును వెళ్లితిని. గాదె ఎప్పుడో పోయినది. దాని క్రింది రాళ్లు మాత్రము ఉన్నవి. బావగారి మనుమడు సున్నపు తట్టతో వచ్చి, రాళ్లకును తమ గోడకును నడుమ వంగి, "మామయ్యా, ఇక్కడేనా? తాతయ్యలు అనుకున్న చోటు ఇదేనా?" అని యడిగెను. నేను గొంతుకూర్చుండి రాతి అంచునుండి జానతో కొలిచి, బెత్తెడు ఇవతలికి చూపించితిని.