కొత్తపేట కుర్చీ, వాడపల్లి రథం

1994 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలో శాసనసభకు ఏడుసార్లు ఎన్నికలు జరిగాయి. ఆ ఏడుసార్లూ కొత్తపేట నుంచి గెలిచినవారు ఇద్దరే. బండారు సత్యానందరావు నాలుగుసార్లు, చిర్ల జగ్గిరెడ్డి మూడుసార్లు. ఆ నియోజకవర్గంలోని ఆత్రేయపురంలో ఇవాళ ముప్పై అయిదేళ్లున్న మనిషి ఊహ తెలిసినప్పటి నుంచి మూడో ఎమ్మెల్యేని ఎరగడు. ప్రభుత్వాలు మారాయి, రాజధాని మారింది, రాష్ట్రం రెండయింది, జిల్లా పేరు మారింది. కుర్చీ మాత్రం ఆ ఇద్దరి మధ్యే తిరుగుతోంది.

ఈ ముప్పై ఏళ్ల ముచ్చట రాయమనే ఆదివారం అనుబంధం వారు అడిగారు. రాస్తాను. కానీ మార్చి నెల వస్తే ఈ ప్రాంతం గురించి రాసేవాడి మనసు ఎమ్మెల్యేల దగ్గర నిలవదు, ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వైపు లాగేస్తుంది. 1931 మార్చి 30న అక్కడ జరిగినదానికి 95 ఏళ్లు. కుర్చీ కథకి అసలు మొదలు అక్కడే ఉందని నా నమ్మకం. అందుకని ముందు రథం, తర్వాత కుర్చీ.

అంతకు ముందరి శతాబ్దాలని గబగబా దాటేద్దాం. వాటి గురించి ఈ లంకల్లో దొరికే ఆధారాలూ అంతంతమాత్రమే. గోదావరి పాయల్ని సప్తర్షులు పంచుకున్నారనీ, అందులో ఆత్రేయ మహర్షి పేరు ఆత్రేయపురానికి దక్కిందనీ పెద్దలు చెబుతారు. ఏటికి అవతల రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు 11వ శతాబ్దంలో కొలువు తీర్చి నన్నయ చేత భారతం రాయించాడు. ఆ కొలువుకి ఈ ఒడ్డు నుంచి ధాన్యం వెళ్లి ఉంటుంది, మాట చెల్లించుకోగలిగినవాళ్లు వెళ్లి ఉండరు. ర్యాలిలో ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక నుంచి చూస్తే మోహిని అయిన ఆ ఏకశిలా విగ్రహాన్ని చెక్కిన శిల్పి పేరైనా మనకి మిగల్లేదు. తర్వాత రెడ్డి రాజులు, గజపతులు, గోల్కొండ నవాబులు, జమీందార్లు. 1760ల్లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లాయి. ఎవరొచ్చినా శిస్తు అడిగారే తప్ప సలహా అడగలేదు.

1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టిన ఆ ఆనకట్టలో ఒక ముక్క మన ర్యాలి పేరు మోస్తుంది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలై లొల్ల లాకుల దగ్గరికి వచ్చి పాయలవుతుంది. ఇప్పుడు ఆ లాకులు సినిమా వాళ్లకి పాటల స్థలం. అప్పట్లో కోనసీమ తిండిగింజలు వాటి తలుపుల మీద ఆధారపడి ఉండేవి. నీళ్లతోపాటే చదువు, చదువుతోపాటే కాంగ్రెసు వచ్చాయి. రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు 1890ల్లో మద్రాసు శాసనమండలికి వెళ్లారు. ఆయన్ని పంపినవాళ్లు లంకల్లో రైతులు కారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకి ఓటు కొంత విస్తరించినా, శిస్తు రసీదు చేతిలో ఉన్నవాడిదే ఓటు. పాలేరుకీ, ఆడవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికీ అదేమిటో తెలియదు.

ఇక వాడపల్లి.

గౌతమి ఒడ్డున వేంకటేశ్వరస్వామి గుడి. చైత్ర శుద్ధ ఏకాదశికి కల్యాణం, రథోత్సవం. ఇప్పటి శనివారాల జనంతో పోల్చలేం గాని, అప్పుడూ చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వచ్చేవి. 1931లో ఆ తీర్థానికి నెల ముందు నుంచే దేశమంతా ఒక వింత వాతావరణం ఉంది. మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కుదిరింది. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్లకి వెళ్లినవాళ్లు తిరిగి వస్తున్నారు. దెబ్బలు తిన్న ఊళ్లు ఇక మనమే గెలిచాం అన్నంత ఉత్సాహంలో ఉన్నాయి. మార్చి 23న లాహోరులో భగత్‌సింగ్‌నీ, రాజ్‌గురునీ, సుఖ్‌దేవ్‌నీ ఉరితీశారు. ఆ వార్త చేరిన వారానికే వాడపల్లి తీర్థం. సంతోషం, దుఃఖం, కోపం మూడూ కలిసి ఉన్న జనం రథం చుట్టూ చేరారు.

రథానికి గాంధీ బొమ్మ కట్టారు, కాంగ్రెసు జెండా పెట్టారు. దేవుడి పక్కన దేశనాయకుడు ఊరేగడం ఆ రోజుల్లో తెలుగు పల్లెలకి కొత్త కాదు. కానీ రాజమండ్రి పోలీసు డీఎస్పీ ముస్తఫా ఆలీఖాన్‌కి ఆ కళ్లు లేవు. గోదావరి జిల్లాలో సత్యాగ్రహుల మీద లాఠీలు విరగ్గొట్టించి పేరు మోసిన అధికారి ఆయన. ఒడంబడిక ఢిల్లీలో కుదిరిందేగాని ఆయన లాఠీతో కుదరలేదు. బొమ్మలు తీయమన్నాడు. తియ్యం అన్నారు జనం.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. బొమ్మ తీసేస్తే రథం కదలొచ్చు, దేవుడి పని దేవుడికి అవుతుంది, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లొచ్చు. భక్తి ఒక్కటే అయితే ఆ పని చేసేవారు. చేయలేదు. గాంధీ బొమ్మ లేకపోతే మోకు పట్టుకునేది లేదన్నారు. రథం లాగడం పుణ్యమని నమ్మే జనం లాగకుండా నిలబడ్డారంటే, ఆ నిలబడటంలో ఎంత నిర్ణయం ఉందో ఆలోచించండి. వాళ్లలో ఎక్కువ మందికి మద్రాసు శాసనమండలికి ఎవరిని పంపాలో చెప్పే హక్కు లేదు. తమ ఊరి రథం మీద ఎవరి బొమ్మ ఉండాలో మాత్రం చెప్పారు. ఈ ప్రాంతంలో శిస్తు రసీదు అడక్కుండా, కులం అడక్కుండా, పేరు నమోదు చేసుకోకుండా అందరూ వేసిన మొదటి ఓటు అదే అంటాను నేను. చరిత్రకారులు ఒప్పుకోకపోతే పోనీ.

లాఠీలు లేచాయి, తర్వాత తుపాకులు పేలాయి. నలుగురు చనిపోయారు. కరుటూరి సత్యనారాయణ, పాతపాటి వెంకటరాజు, వాడపల్లి గంగాచలం, బండారు నారాయణస్వామి. గాయపడ్డవాళ్లు ఇంకెందరో. తీర్థంలో చిడతలూ, బెల్లం జీళ్లూ కొనుక్కోవడానికి వచ్చిన పిల్లలు తూటాల చప్పుడు విని ఇళ్లకి పరిగెత్తారు. ఆ పేర్లని మరోసారి చదవండి. నాలుగు ఇంటిపేర్లు, ఒక్క రథం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవతల కరాచీలో వల్లభాయ్ పటేల్ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ నడుస్తోంది. ప్రాథమిక హక్కుల మీద ప్రఖ్యాతమైన తీర్మానం అక్కడే ఆమోదించారు. వయోజనులందరికీ ఓటు హక్కు ఉండాలన్నది అందులో ఒక మాట. కరాచీలో కాగితం మీద రాసుకున్నదాన్ని వాడపల్లి జనం, ఆ తీర్మానం సంగతే తెలియకుండా, ప్రాణం మీదికి తెచ్చుకుని అడిగారు. ఈ రెండూ ఒకే వారంలో జరిగాయని పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కలిపి చెప్పరు.

ముస్తఫా ఆలీ కథ అంతటితో ఆగలేదు. ప్రతివాది భయంకరాచారి అనే యువకుడు ఈ డీఎస్పీని చంపి తీరాలని తోటివారితో కలిసి బాంబులు తయారు చేశాడు. 1933 ఏప్రిల్‌లో ఆ బాంబులు కాకినాడలో తలవని తలంపుగా పేలి గుట్టు బయటపడింది. కాకినాడ బాంబు కేసు అని పేరు పడింది. భయంకరాచారిని అండమాన్‌కి పంపారు. డీఎస్పీకి ఏమీ కాలేదు. గాంధీ బొమ్మ కోసం చనిపోయినవారి పగ తీర్చడానికి బాంబు పట్టుకోవడం గాంధీకి నచ్చదని ఆ కుర్రవాళ్లకి తెలియకపోలేదు. తెలిసే చేశారు. గోదావరి జిల్లా కోపం ఎప్పుడూ ఒక్క దారిలో నడవలేదు.

1937లో మద్రాసు శాసనసభకి ఎన్నికలు వచ్చాయి. ఓటు ఇంకా కొందరిదే. అయినా ఆ సభకి స్పీకరు అయినది మన దుళ్ల గ్రామంలో పుట్టిన బులుసు సాంబమూర్తి. స్వరాజ్యం వచ్చేదాకా చొక్కా తొడగనని ఒట్టుపెట్టుకున్న మనిషి. ఆయన ఒంటి మీద కండువాతో తెల్లదొరల కాలంనాటి స్పీకరు కుర్చీలో కూర్చుని సభ నడిపాడంటే వాడపల్లి రథం ఎంత దూరం కదిలిందో తెలుస్తుంది. ముక్కామల కళా వెంకటరావు మద్రాసులో రెవెన్యూ మంత్రిగా ఉండగానే 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. 1952 నాటికి ఓటు అందరిదీ అయింది. పాలేరుకి, పాలేరు భార్యకి, రైతుకి, రైతు తల్లికి తలా ఒకటి. శాసనసభ మద్రాసు నుంచి కర్నూలుకి, 1956లో హైదరాబాదుకి, 2017లో వెలగపూడికి ప్రయాణం కట్టింది. ప్రతి మజిలీలోనూ ఆత్రేయపురం నుంచి వినతిపత్రాలు వెంట వెళ్లాయి.

అరవైల్లో, డెబ్బైల్లో కొత్తపేటంటే ఎం.వి.ఎస్. సుబ్బరాజు పేరు వినిపించేది. తర్వాత చిర్ల సోమసుందరరెడ్డి. ఆయన కుమారుడే జగ్గిరెడ్డి. 1983లో ఎన్టీఆర్ గాలి వచ్చాక కోనసీమలో పాత లెక్కలన్నీ చెదిరాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఆత్రేయపురం మండల కేంద్రమైంది. మరుసటి ఏడు 1986 ఆగస్టులో గోదావరి తన రాజకీయం తాను చేసింది. ఆ వరద చూసినవారు ఇప్పటికీ కాలాన్ని వరదకి ముందు, వరదకి తర్వాత అనే లెక్కపెడతారు.

1994లో తెలుగుదేశం తరఫున సత్యానందరావు గెలిచారు, 1999లో మళ్లీ గెలిచారు. 2004లో కాంగ్రెసు నుంచి జగ్గిరెడ్డి. 2009కి నియోజకవర్గాల పునర్విభజన జరిగి ఆలమూరు స్థానం పోయింది, ఆలమూరు మండలం కొత్తపేటలో కలిసింది. ఆ ఎన్నికల్లో సత్యానందరావు చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం నుంచి గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి దక్కిన 18 సీట్లలో కొత్తపేట ఒకటి. రెండేళ్లకే పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. ఓటేసిన రైలింజను ఎటు వెళ్లిపోయిందని రావులపాలెం అరటి మార్కెట్‌లో వేళాకోళాలు ఆడుకున్నారు. 2014లో సత్యానందరావు తిరిగి తెలుగుదేశం, జగ్గిరెడ్డి వైఎస్సార్ కాంగ్రెసు. 713 ఓట్ల తేడాతో జగ్గిరెడ్డి గెలిచారు. లక్షన్నర పైచిలుకు ఓట్లు పోలైన చోట 713 అంటే ఒక పోలింగ్ బూత్ మాట. ఆ ఎన్నికలో ఎవరి ఊళ్లో ఎవరు రాలేదో, ఎవరి అల్లుడు గల్ఫ్ నుంచి దిగలేదో అని ఏళ్ల తరబడి లెక్కలు వేసుకున్నారు.

2019లో సత్యానందరావుకి సొంత తమ్ముడు బండారు శ్రీనివాస్ జనసేన నుంచి పోటీకి దిగారు. జగ్గిరెడ్డి నాలుగు వేల చిల్లర మెజారిటీతో నిలిచారు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ ఒక గూటికి చేరేసరికి సత్యానందరావు ఆధిక్యం 50 వేలు దాటింది. 713 నుంచి 50 వేలకి వెళ్లడానికి పదేళ్లు పట్టింది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2009లోనూ 2014లోనూ ఈ నియోజకవర్గం ప్రభుత్వం ఏర్పాటు చేసిన పార్టీకి వ్యతిరేకంగా ఎమ్మెల్యేని పంపింది. గెలిచే పార్టీ వెనక నడవడమే తెలివి అని లోకం అనుకుంటుంది గాని, ఇక్కడి ఓటరుకి ఆ తెలివి ఎప్పుడూ పూర్తిగా అబ్బలేదు. గాంధీ బొమ్మ తీయమంటే తీయని బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఇక మొన్నటి సంగతులు ఒక వరసలో ఒదగడం లేదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ కొత్త జిల్లా అయింది, మే నెలలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద రేగిన గొడవలో అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబడింది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద బియ్యపు పిండి గుడ్డతో తుడిచి రేకు తీసే ఆడవాళ్ల నేర్పుకి చట్టం ముద్ర వేయడానికి ఇంతకాలం పట్టింది. వాడపల్లి వెంకన్న ఏడు శనివారాల మొక్కుతో రెండు రాష్ట్రాలకీ ప్రసిద్ధుడయ్యాడు. శుక్రవారం రాత్రి నుంచే రోడ్లు నిండిపోతున్నాయి. క్యూలో నిలబడ్డవారిని ఆ నాలుగు పేర్లు అడిగి చూడండి.

2031 మార్చి 30కి వాడపల్లి కాల్పులకు నూరేళ్లు. మధ్యలో 2029 ఎన్నికలు ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఎవరు గెలిచినా, మూడోవారు వచ్చినా, కొత్తపేట ఎమ్మెల్యేకి ఒక్క మనవి. ఆ నూరవ ఏడు శాసనసభలో లేచి నిలబడి ఆ నలుగురి పేర్లు చదవండి, ఆనాటి పోలీసు కాగితాలు ఆర్కైవుల నుంచి తెప్పించి వాడపల్లిలో పెట్టించండి. అంతకన్నా ముందు మీ ఇంట్లో ఆనాటి మాట తాతల నోట విన్నవారు ఎవరైనా ఉంటే, పాఠకులారా, ఈ వేసవిలోనే కూర్చోబెట్టి రాసుకోండి.