లిస్టులో పేరు తప్పిపోకుండా: దాచుకోదగ్గ చిన్న ఫార్ములాలు, ఒక స్క్రిప్ట్

స్కాలర్‌షిప్ లిస్టు, రమజాన్ రేషన్ కిట్ల లిస్టు, ట్యూషన్ ఫీజుల లిస్టు... ఇప్పుడు అన్నీ ఎక్సెల్‌లోనే. చేసేది సాధారణంగా ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయో అబ్బాయో. ఒక్క అక్షరమో, ఒక్క అంకెో తేడా పడితే నష్టపోయేది మాత్రం లిస్టులో ఉన్న మనిషి.

ఇలా మళ్లీ మళ్లీ వచ్చే పనికి ఒకసారి రాసి దాచుకునే చిన్న కోడ్ ముక్కను స్నిపెట్ అంటారు. గండిమైసమ్మ, దుండిగల్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు చాలానే ఉన్నాయి కాబట్టి కోడ్ రాయగల పిల్లలు మన బస్తీల్లోనే దొరుకుతారు. అయితే మన పేర్ల దగ్గర, బ్యాంకు నంబర్ల దగ్గర ఆ కోడ్ ఎక్కడ తప్పుతుందో కూడా తెలిసి ఉండాలి.

కింది ఉదాహరణల్లో ఏ కాలమ్‌లో పేరు, సి కాలమ్‌లో ఖాతా నంబర్ ఉన్నాయనుకోండి. ఫార్ములాను షీట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే టైప్ చేయాలి. గూగుల్ షీట్స్‌లోనూ ఇవే పేర్లు.

1. పేర్లను ఒకే తీరులోకి తేవడం

=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(అప్పర్(ఏ2),"."," "))

దీన్ని బి2లో వేసి కిందికి లాగండి. అక్షరాలన్నీ పెద్దవవుతాయి, చుక్కలు పోతాయి, అదనపు ఖాళీలు పోతాయి. వెబ్‌సైట్ నుంచి కాపీ చేసిన పేర్లలో మామూలు ఖాళీలా కనిపించే వేరే రకం ఖాళీ ఒకటి ఉంటుంది. దాన్ని ట్రిమ్ తీయదు. అలాంటప్పుడు ఏ2 ఉన్నచోట సబ్‌స్టిట్యూట్(ఏ2,చార్(160)," ") అని రాయండి.

2. ఎండీ, మొహమ్మద్ ఒకటేనని చెప్పడం

ఒకే మనిషి ఆధార్‌లో "మొహమ్మద్", మెమోలో "ఎండీ". కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. పోయిన రమజాన్‌కు ఒక మస్జిద్ కమిటీ లిస్టు సరిచేస్తూ నేను "ఎండీ" ఎక్కడున్నా మార్చేయమని ఫార్ములా వేశాను. హమ్దాన్ పేరును ఇంగ్లిష్‌లో రాస్తే మధ్యలో ఎం, డి పక్కపక్కనే వస్తాయి. ఆ అబ్బాయి పేరు గుర్తుపట్టలేనట్టు అయిపోయింది. ప్రింట్ తీసే ముందు చూశాం కాబట్టి సరిపోయింది. సరైన పద్ధతి ఇది:

=ఇఫ్(లెఫ్ట్(బి2,3)="ఎండీ ","మొహమ్మద్ "&మిడ్(బి2,4,50),బి2)

పేరు మొదట్లో ఎం, డి, ఆ తర్వాత ఖాళీ ఉంటేనే మారుస్తుంది. ఆ ఖాళీ మర్చిపోవద్దు. ఇలా మార్చిన కాలమ్ పోల్చి చూసుకోవడానికి మాత్రమే. ఫారంలో రాయాల్సింది సర్టిఫికెట్‌లో ఉన్న పేరే. ఒకే పేరు ఇద్దరికి ఉండటం మనలో మామూలే కాబట్టి తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా కలిపి చూడాలి.

3. ఖాతా నంబర్ చెడిపోకుండా

ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబర్‌ను మామూలుగా టైప్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నా ఉంటే అది కూడా పోతుంది. అందుకే టైప్ చేయకముందే సి కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాలి. తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టాల్సిందే. అన్నీ ఎక్కాయో లేదో =లెన్(సి2) అంకెల లెక్క చూపిస్తుంది.

4. రెండుసార్లు వచ్చిన ఖాతా

కౌంట్‌ఇఫ్ నేరుగా వేస్తే ఇక్కడా ఒక చిక్కుంది. టెక్స్ట్‌గా పెట్టిన పొడవైన నంబర్‌ను కూడా అది సంఖ్యగానే చూస్తుంది. మొదటి 15 అంకెలు ఒకటైతే రెండూ ఒకటే అంటుంది. అందుకే డి2లో ="ఎక్స్"&సి2 అని ముందు ఒక అక్షరం తగిలించి, ఇ2లో =కౌంట్‌ఇఫ్(డి:డి,డి2) వేయండి. 1 కంటే ఎక్కువ వస్తే ఆ ఖాతా మళ్లీ వచ్చిందన్నమాట. వెంటనే డిలీట్ చేయకండి. అన్నాచెల్లెళ్లిద్దరికీ అమ్మీ ఖాతానే ఇచ్చి ఉండొచ్చు. ఒక ఫోన్ చేసి అడగండి.

5. ఒక లిస్టు నుంచి ఇంకో లిస్టుకి

బీకామ్‌లో అందరం నేర్చుకున్నదే వీలుకప్. దాని చివర "ఫాల్స్" అని రాయకపోతే అది దగ్గరగా ఉన్న విలువతో సరిపెట్టుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు. ఒకరి ఫీజు ఇంకొకరి పేరు ముందు పడుతుంది. ఫాల్స్ రాస్తే, దొరకని పేరుకు ఎర్రర్ చూపిస్తుంది. ఆ ఎర్రరే మనకు మేలు.

6. స్కాన్ చేసిన సర్టిఫికెట్లకు పేర్లు

వంద ఫైళ్లకు ఒక్కొక్కటిగా పేరు మార్చడం కష్టం. పైథాన్‌లో నాలుగైదు లైన్ల స్క్రిప్ట్ చాలు: ఫోల్డర్‌లోని ఫైళ్లను వరుసలో పెట్టు, లిస్టులోని పేర్లను వరుసగా తీసుకో, ఒక్కో ఫైల్‌కు ఒక్కో పేరు పెట్టు. ప్రమాదం వరుసలోనే ఉంది. ఫైల్ పేర్లను అక్షరాల లెక్కన సార్ట్ చేస్తే 1 తర్వాత 10 వస్తుంది, 2 ఆ తర్వాతే. అంతే, ఒకరి మెమో ఇంకొకరి పేరు మీదికి పోతుంది. స్కాన్ చేసేటప్పుడే 001, 002 అని నంబర్లు ఇవ్వండి. మొదటిసారి పేర్లు మార్చకుండా, పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ప్రింట్ చేసి చూడండి. అన్నీ సరిపోయాకే పేరు మార్చే లైన్ నడపండి.

దాచుకునేటప్పుడు

* ఒక్కో స్నిపెట్ పైన అది ఏ పనికో, ఎక్కడ తప్పుతుందో తెలుగులో ఒక లైన్ రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత మనకే గుర్తుండదు.
* అసలు ఫైల్ మీద ఎప్పుడూ నడపొద్దు. కాపీ తీసుకుని, ముందు ఐదారు వరుసల మీద చూడండి. వాటిలో ఒక "ఎండీ", ఒక హమ్దాన్, ఒక 16 అంకెల ఖాతా ఉండేలా చూసుకోండి.
* ఆన్‌లైన్‌లో సాయం అడిగేటప్పుడు ఫార్ములా మాత్రమే పెట్టండి. ఆధార్, ఖాతా నంబర్లున్న లిస్టును పెట్టకండి. జకాత్ తీసుకునేవాళ్ల పేర్లు బయటికి పోకుండా కాపాడటం లిస్టు చేసేవాళ్ల బాధ్యత.
* చివర్లో ప్రింట్ తీసి, ఆ కుటుంబాలు తెలిసిన పెద్దవాళ్లు ఒకరితో చదివించండి. ఫార్ములాకు దొరకని తప్పు వాళ్లకు దొరుకుతుంది.