దుర్భిణి కొనేముందు నాలుగు శతాబ్దాలు

దుర్భిణి అన్న మాట పుట్టుకతో మనది కాదు. పారసీకంలో 'దూర్' అంటే దూరం, 'బీన్' అంటే చూసేది. ఆ మాట ఎన్నో ఊళ్ళు తిరిగి మన పల్లెలకు చేరి, తిరునాళ్ళలో పిల్లలు ఏడ్చి కొనిపించుకునే ప్లాస్టిక్ బొమ్మకు కూడా పేరైంది. నా మొదటి దుర్భిణి అటువంటిదే. అందులోంచి చూస్తే దూరాన ఉన్నవి దగ్గరకు రాకపోగా, దగ్గరున్నవి మసకబారేవి.

ఇప్పుడు యాభై మూడేళ్ళ వయసులో ఆ లోటు తీర్చుకుందామని బయలుదేరాను. జైస్, లైకా, స్వరోవ్‌స్కీ అనే మూడు పేర్ల మధ్య కొన్ని నెలలుగా ఊగిసలాడుతున్నాను. వీటిలో నేను చూస్తున్నది ఏది కొన్నా లక్షల్లో మాట. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈలోగా కంటి డాక్టరు ఎడమకంట్లో శుక్లం మొదలైందని మెల్లగా చెప్పారు. మబ్బు పడుతున్న కంటికి అంత ఖరీదైన గాజు దేనికన్న సందేహం ఆనాటి నుంచి పట్టుకుంది. ఏ వస్తువైనా కొనేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడం నాకున్న జబ్బు. ఈసారి ఆ జబ్బే మందుగా పనిచేసింది.

ఈ కథలో మొదటి బేరం 1608లో జరిగింది. మిడిల్‌బర్గ్‌లో కళ్ళజోళ్ళు చేసే హాన్స్ లిప్పర్‌హే, దూరపు వస్తువులను దగ్గరగా చూపే పరికరం తన దగ్గరున్నదనీ, దానిపై తనకు హక్కు ఇమ్మనీ ఆ అక్టోబరులో డచ్చి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. కొనేవారు తెలివైనవారు. మారిస్ యువరాజు భవనపు బురుజెక్కి, దానిలోంచి చూసి పరీక్షించారు. పనికొస్తుందని తేలాక, ఒక కన్ను మూసుకుని చూడటం కష్టంగా ఉంది, రెండు కళ్ళకూ సరిపడేలా చెయ్యమన్నారు. గాజు కాదు, స్ఫటికం వాడాలన్నారు. తొమ్మిది వందల గిల్డర్లకు బేరం కుదిరి, డిసెంబరుకల్లా జంట దుర్భిణి వారి చేతికి అందింది. ఆ విద్య ఇతరులకూ తెలుసునని హక్కు మాత్రం నిరాకరించారు. సొమ్ము చెల్లించేముందు ఎత్తైన చోటికెక్కి స్వయంగా చూసిన ఆ కొనుగోలుదారులపై నాకు గౌరవం కలిగింది. నేనైతే అప్పటిదాకా కాగితాల మీది అంకెలనే చూస్తున్నాను.

తరువాతి రెండు వందల ఏళ్ళలో ఒంటికంటి దూరదర్శిని ఆకాశాన్నే మార్చివేసింది గాని, రెండు కళ్ళది మాత్రం పెద్దగా ఎదగలేదు. గెలీలియో పద్ధతిలో బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది, కాని శక్తి పెంచేకొద్దీ కనబడే మేర తాళంచెవి రంధ్రమంత అవుతుంది. అందుకే నాటకశాలల్లో దొరసానుల చేతి అలంకారంగా ఉండిపోయింది. మరో పద్ధతిలో శక్తి ఉన్నది, కాని బొమ్మ తలకిందులు. దాన్ని నిలబెట్టాలంటే గొట్టం బారెడు కావాలి. 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో ఈ చిక్కు విప్పాడు. పట్టకాల మధ్య కాంతిని మడతపెట్టి, ఆ మడతల్లోనే బొమ్మను నిలబెట్టాడు. ఆలోచన గొప్పది, కాని ఆనాటి గాజు దానికి తగినది కాదు. అంత మందమైన గాజుముక్కలో ఏ చిన్న చార ఉన్నా బొమ్మ చెడుతుంది.

ఆ గాజు కోసం మరో ముప్ఫై ఏళ్ళు ఆగవలసి వచ్చింది. 1884లో యేనా నగరంలో ఒట్టో షాట్, ఎర్నెస్ట్ ఆబె, జైస్ కుటుంబంతో కలిసి గాజు కర్మాగారం నెలకొల్పాడు. పదేళ్ళకు, 1894లో, జైస్ సంస్థ పట్టకాల దుర్భిణిని అంగడికి తెచ్చింది. ఆబె పేటెంటుకు వెళ్ళినప్పుడే పోరో తనకంటే ముందున్నాడని తెలిసింది. అందువల్ల పట్టకాలపై హక్కు దక్కలేదు. కాని ముందుండే కటకాలను మన కళ్ళ మధ్య దూరంకన్నా ఎడంగా ఉంచి, లోతును మరింత స్పష్టంగా చూపే ఏర్పాటు అతనిది. దక్కిన హక్కు దానికే.

ఆపైన ప్రతి తరమూ ఒక లోపాన్ని పట్టుకుని సవరించింది. పూతలేని గాజు ఉపరితలం ఒక్కొక్కటీ నూటికి నాలుగైదు వంతుల కాంతిని వెనక్కు కొడుతుంది. అటువంటివి పది ఉంటే మూడోవంతుకు పైగా వెలుగు కంటికి చేరకుండానే పోతుంది. 1935లో జైస్‌లోని అలెగ్జాండర్ స్మకూలా పలుచని పూతతో ఆ నష్టాన్ని తగ్గించాడు. 1960లలో లైట్జ్ ట్రినోవిడ్, జైస్ డయలిట్ వంటివి సన్నని తిన్నని గొట్టాలతో వచ్చాయి. వీటిలోది ఇంటికప్పు ఆకారపు పట్టకం. చేతికి ఇంపైనదే గాని, కాంతిని రెండు పాయలుగా చీల్చి మళ్ళీ కలిపేటప్పుడు ఆ పాయల మధ్య పొత్తు చెడి, సూక్ష్మమైన వివరం పలుచబడుతుంది. దానికి విరుగుడు పూతను 1988లో జైస్ ప్రవేశపెట్టింది. పోరో పట్టకానికి ఈ జబ్బూ లేదు, ఈ మందూ అక్కరలేదు. అందాన్ని ఎంచుకున్నందుకు ధర చెల్లించామన్నమాట.

పేరు సంగతీ చెప్పాలి. 1945లో అమెరికా సైన్యం యేనాను సోవియట్లకు అప్పగించి వెళ్తూ జైస్ నిపుణులను వెంట తీసుకుపోయింది. పశ్చిమాన ఓబర్‌కోహెన్‌లో ఒక జైస్, తూర్పున యేనాలో ఒక జైస్. ఒకే పేరు కోసం ఇద్దరూ దేశదేశాల న్యాయస్థానాలెక్కారు. పేరు చూసి కొనేవాడు ఏ పేరును నమ్మాలి?

ఇంతదాకా చదివాక నాకొక విషయం తట్టింది. నాలుగు శతాబ్దాలుగా సరిదిద్దినవన్నీ ఎవరు చూసినా కనబడే లోపాలు. తలకిందులైన బొమ్మ, చాలని వెలుగు, చారలున్న గాజు. ఇక శిఖరాన మిగిలిన తేడాలు గాజులో కన్నా చూసేవాడి కంటిలో ఎక్కువ. 7x50 దుర్భిణిలోంచి వచ్చే కాంతి పుంజం ఏడు మిల్లీమీటర్ల వెడల్పు. యాభై దాటిన కంటిపాప చీకట్లో కూడా సాధారణంగా అంత విచ్చుకోదు. 8x42 ఇచ్చే అయిదు మిల్లీమీటర్లే నావంటివాడికి ఎక్కువ. మిగిలిన వెలుగు కనుపాప అంచుల మీద పడి వృథా. పగటివేళైతే రెండు మూడు మిల్లీమీటర్లు చాలు.

సరే, నేనూ బురుజెక్కుదామనుకున్నాను. ముగ్గురు మిత్రులను బతిమాలి మూడు దుర్భిణులూ తెచ్చుకుని, సాయంత్రం మా చెరువు కట్ట మీదికి వెళ్ళాను. పోలికకు నా పాత పోరో దుర్భిణి కూడా ఉంది. ఎండ ఉన్నంతసేపు బుడుబుంగ మునగడం, లేవడం నాలుగింటిలోనూ ఒకేలా ఆనందపెట్టింది. పొద్దు గూకాక పాతది ముందుగా చేతులెత్తేసింది. మిగిలిన మూడూ నారాయణపక్షి మెడ మీది గీతలను ఇంకొంతసేపు చూపాయి. ఆ మూడింటిలో ఏది మేలో ఎంత చూసినా చెప్పలేకపోయాను. ఒక్కటి మాత్రం, అటూ ఇటూ తిప్పినప్పుడు చెరువంతా బంతిలా దొర్లినట్లై నాకు కళ్ళు తిరిగాయి. దాని యజమాని పదేళ్ళుగా వాడుతున్నా అటువంటిదేమీ ఎరగడు. కనుక ఆ తప్పు దుర్భిణిది అనలేను.

తరువాత కుడికన్ను మూసి ఎడమకంటితో మూడింటినీ చూశాను. మూడూ సమానంగా పసుపుబారి, మంచుపొర కమ్మినట్లున్నాయి. నూటికి ఒకటో రెండో వంతుల వెలుగు కోసం నేను నెలల తరబడి తర్కిస్తుంటే, అంతకు ఎన్నో రెట్లు నా కంట్లోనే ఆగిపోతున్నది.

ఆ రాత్రి చదువుతూంటే ఒక సంవత్సరం దగ్గర ఆగిపోయాను. 1949లో ఆస్ట్రియాలోని ఆబ్సమ్‌లో స్వరోవ్‌స్కీ ఆప్టిక్ మొదలైంది. ఆ ఏడాది నవంబరులోనే లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు శుక్లం తీసిన కంట్లో మొదటిసారిగా కృత్రిమ కటకాన్ని అమర్చాడు. యుద్ధంలో విమానపు అద్దాల పెంకులు గుచ్చుకున్నా, కొందరు పైలట్ల కళ్ళు ఆ పదార్థాన్ని సహించడం అతను గమనించాడట. లిప్పర్‌హే నుంచి మొదలైన కటకాల కథలో చిట్టచివరి కటకం కంటి లోపలికే చేరింది.

మిత్రుల దుర్భిణులు మర్నాడే తిరిగి ఇచ్చేశాను. ఆపరేషను గురించి డాక్టరుతో మాట్లాడాలి. అది అయ్యాక మళ్ళీ బతిమాలి, మళ్ళీ ఆ కట్ట మీదికే వెళ్తాను. అప్పటికి ఇంట్లో కూడా చెప్పే ధైర్యం వస్తుందేమో చూడాలి.